పొద్దున చూస్తే లైను బాగానే ఉంటుంది

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో జనం మా ఆఫీసుకి వచ్చేది ఫోన్ పలకడం లేదని. ఆ ఫిర్యాదుతో పేచీ లేదు. పలకదంటే పలకదు. రిసీవరెత్తి చెవి దగ్గర పెట్టుకుంటే మీకూ తెలుస్తుంది, నాకూ తెలుస్తుంది. రెండువేల అయిదారు ప్రాంతంలో బ్రాడ్‌బ్యాండ్ ఇళ్ళలోకి వచ్చాక కొత్త రకం ఫిర్యాదు మొదలైంది. "ఏవండీ, నెట్టు బాగానే వస్తోందండి. కాకపోతే ఆట ఆడేటప్పుడు ఉండుండి ఆగిపోతోందండి." మనం వెళ్ళి చూసేసరికి ఆ జబ్బు ఉండదు. మనం గేటు దాటగానే మళ్ళీ వస్తుంది.

ఏలూరులో, తాడేపల్లిగూడెంలో, కొల్లేటి చుట్టుపక్కల ఊళ్ళలో నేను జూనియర్ టెలికం ఆఫీసరుగా చేశాను. పేరుకి ఆఫీసరునే గానీ, చీర కుచ్చిళ్ళు బొడ్లో దోపుకుని డాబాలెక్కిన రోజులే ఎక్కువ. ఇప్పుడు ఇంటర్నెట్ కంపెనీల్లో చేరుతున్న పిల్లలు కనిపించినప్పుడల్లా "మీ కాలంలో ఎలా ఉండేదండి మేడమ్?" అని అడుగుతుంటారు. నా ప్రమోషన్లూ బదిలీలూ వాళ్ళకెందుకు? పనికొచ్చే నాలుగు సంగతులు చెబుతాను. నాకు ఓపిక తక్కువని ఇంట్లోవాళ్ళంటారు. ఆఫీసులో అంతకంటే ఘాటుగా అనేవాళ్ళు. అందుకని సూటిగానే రాస్తాను.

ముందు జబ్బేమిటో

ఆడే కుర్రాళ్ళు దాన్ని లాగ్ అనేవాళ్ళు. మీరు మౌస్ నొక్కితే, ఆ నొక్కిన కబురు ఎక్కడో దూరాన ఉన్న యంత్రానికి చేరి, జవాబు తిరిగి రావాలి. ఆ రాకపోకలకి పట్టే ఆలస్యమే లాగ్. అది ఎప్పుడూ ఒకేలా ఉంటే ఆటగాడు అలవాటు పడిపోతాడు. ఉన్నట్టుండి పైకి లేచి పడితేనే చిక్కు. దాన్ని స్పైక్ అంటారు. తెర మీద పరిగెత్తుతున్న మనిషి ఎక్కడివాడక్కడ కొయ్యబారిపోతాడు. మళ్ళీ కదలిక వచ్చేసరికి చచ్చి పడి ఉంటాడు.

మా ఆఫీసులో చాలామందికి ఇదంతా నవ్వులాటగా ఉండేది. నాకు అలా అనిపించలేదు. సినిమా దింపుకునేవాడికి లైను ఓ క్షణం ఆగినా తెలియదు. ఉత్తరాలు చూసుకునేవాడికి అసలే తెలియదు. ఆటగాడికి మాత్రం ఠక్కున తెలిసిపోతుంది. తీగలో లోపాన్ని మా మీటర్ల కంటే ముందు వాళ్ళు పట్టిన సందర్భాలు చూశాను. అందుకే ఆటల ఫిర్యాదు వస్తే నేను విసుక్కోకుండా వినేదాన్ని. మిగతావాటికి విసుక్కున్న మాట నిజమే.

పట్టుకునే పద్ధతి పెద్ద విద్యేమీ కాదు. కంప్యూటర్లో పింగ్ అని ఒక ఆదేశం ఉంటుంది. అది చిన్న పలకరింపు పంపి, జవాబు ఎంతసేపట్లో వచ్చిందో వరసగా చూపిస్తూ పోతుంది. ముందు ఇంట్లో ఉన్న మోడెమ్‌నే పలకరించండి. అక్కడే తడబడితే తప్పు కంప్యూటర్లోనో, మోడెమ్ దాకా వెళ్ళే తీగలోనో ఉంది. అక్కడ సాఫీగా ఉంటే ఎక్స్ఛేంజి వైపు మొదటి మజిలీని పలకరించండి. అక్కడ తడబడితే తప్పు ఇంటికీ ఎక్స్ఛేంజికీ మధ్య ఎక్కడో ఉంది. అదీ సాఫీగా ఉంటే ఆపైన మన చేతిలో లేదు. లేదని మొహం మీదే చెప్పేయండి. ఊరికే మోడెమ్ ఆపి మళ్ళీ వేయించి, "ఇప్పుడు చూసుకోండి" అని వచ్చేయకండి. అలా వచ్చేసేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండేది.

ఇంతవరకు ఎవరైనా నేర్పుతారు. ఏ వేళకి వెళ్ళి కూర్చోవాలో, ఏమని అడగాలో మాత్రం మనమే తెలుసుకోవాలి.

మోగి ఆగిన ఫోను

ఏలూరు పవరుపేటలో ఒక లెక్చరరు గారి ఇల్లు. వాళ్ళబ్బాయి ఇంజనీరింగు చదువుతూ ఆటలాడేవాడు. ఉండుండి ఆగిపోతోందని మోడెమ్ మార్పించారు, కంప్యూటరూ విప్పించారు. గుణం లేదు. నేను వెళ్ళి అందరూ అడిగే ప్రశ్నే అడిగాను, ఆగిపోయే సమయంలో ఎవరైనా ఫోన్ మాట్లాడుతున్నారా అని. లెక్చరరు గారు, ఆయన భార్య, కుర్రాడు ముగ్గురూ ఒకే మాట చెప్పారు. "ఎవరూ మాట్లాడట్లేదండి."

సరే అని కుర్రాడి పక్కన కుర్చీ వేసుకు కూర్చున్నాను. కాసేపటికి వెనక గదిలో ఫోన్ ఒక్కసారి మోగి ఊరుకుంది. తెర మీద ఆట ఆగింది. వెనక గదిలోంచి మామ్మగారి గొంతు వినిపించింది.

"మా అమ్మాయేలేండి. నిడదవోలులో బండెక్కేనని మిస్‌డ్ కాల్ ఇచ్చింది."

ఆ ఇంటి బంధువర్గమంతా అదే పద్ధతి. ఒకసారి మోగితే బయల్దేరామని, రెండుసార్లు మోగితే చేరామని. అల్లుడు గారిది వేరే లెక్క. ఫోన్ రోజంతా మోగేది, ఎవరూ ఎత్తేవాళ్ళు కాదు. వెనక గదిలో మామ్మగారి కోసం పెట్టిన రెండో ఫోనుకి తీగని ఎవరో తిన్నగా లైను మీదనుంచే లాగారు. మాటనీ ఇంటర్నెట్‌నీ విడదీసే చిన్న పెట్టె ఒకటి ఉంటుంది, స్ప్లిటర్ అంటారు. ఆ తీగ దాని గుండా పోవడం లేదు. దాంతో గంట మోగినప్పుడల్లా మోడెమ్ ఉలిక్కిపడేది. తీగ మార్చి కలిపాక సర్దుకుంది.

వాళ్ళు ముగ్గురూ నిజమే చెప్పారు. ఎవరూ మాట్లాడలేదు. నేను అడగవలసింది మోగిందా అని. జనం మనం అడిగినదానికే జవాబు చెబుతారు, కాబట్టి జవాబు పనికిరానప్పుడు ముందు ప్రశ్న మార్చి చూడండి.

మూఢంలో బాగుండే నెట్ సెంటరు

గూడెంలో ఉల్లిపాయల మార్కెట్ దగ్గర ఒక నెట్ సెంటరు ఉండేది. కుర్రాళ్ళు జట్లు కట్టి ఆడేవాళ్ళు. యజమాని వారం వారం ఆఫీసుకొచ్చి నా బల్ల ముందు నిలబడేవాడు. "మీ లైను మూలంగా నా సెంటరు మూతపడిపోద్దండి మేడమ్" అనేవాడు. విచిత్రమేమిటంటే కొన్ని నెలలు అతను రానే రాడు. అడిగితే ఆ నెలల్లో బాగుందనేవాడు.

వెళ్ళి చూస్తే మూల కంప్యూటరు దగ్గర అతని బావమరిది కూర్చుని ఉన్నాడు. ఫోటో స్టూడియో అతనిది. పెళ్ళి ఫోటోలన్నీ ఆల్బం వేసేవాళ్ళకి నెట్లో పంపిస్తున్నాడు. ఆ రోజుల్లో నెట్లోంచి మన వైపు దిగే దారి వెడల్పు, మన దగ్గర్నుంచి పైకి ఎక్కే దారి ఇరుకు. అతను ఫోటోలు పంపడం మొదలెడితే ఆ ఇరుకు దారి నిండిపోయి, ఆటగాళ్ళ కబుర్లు వెనకాల క్యూలో నిలబడేవి. ముహూర్తాలున్న నెలల్లో ఆట ఆగేది. మూఢం వస్తే హాయిగా సాగేది. యజమాని నన్ను పక్కకి పిలిచి, "ఇంట్లో గొడవైపోద్దండి, లైనే బాలేదని చెప్పేయండి మేడమ్" అని బతిమాలాడు. నేను చెప్పలేదు. బావమరిది వినేలాగే ఉన్నది చెప్పి వచ్చాను. వాళ్ళింట్లో తర్వాత ఏమైందో నాకు తెలియదు. అప్పటినుంచి ఫోటోలు మాత్రం పొద్దున్నే వెళ్ళేవి.

మా డి.ఇ. గారు

ఈ కథలో మా డివిజనల్ ఇంజనీరు గారి గురించి చెప్పక తప్పదు. చెడ్డమనిషి కాదు. తుపాను వస్తే అందరికంటే ముందు మోకాలి లోతు నీళ్ళలో దిగి నిలబడేవారు. అందుకు ఆయనంటే నాకు ఇప్పటికీ అభిమానమే. కాకపోతే ఆయనకి ఫిర్యాదు మూసెయ్యాలన్న తొందర ఉండేది. పొద్దున ఆఫీసు తెరవగానే ఎక్స్ఛేంజిలో మీటరు పెట్టించి ప్రతి లైనూ పరీక్ష చేయించేవారు. ముల్లు సరిగ్గా నిలబడితే చాలు, "టెస్టెడ్ ఓకే" అని మూసేయించేవారు.

"సాయంత్రం వచ్చే జబ్బుకి పొద్దున నాడి చూస్తే ఏం తెలుస్తుందండి?" అని నేను వాదించేదాన్ని.

"పొద్దున చూస్తే లైను బాగానే ఉందిగదమ్మా" అనేవారాయన, అదేదో నాకే చేతకానట్టు. "ఆటలకి కూడా కంప్లైంట్లేమిటి? లైనిచ్చింది మాట్లాడుకోడానికి."

మీకూ ఇలాంటి పైఅధికారి తప్పకుండా దొరుకుతాడు. పోట్లాడండి. కానీ పోట్లాటతోనే పొద్దుపుచ్చకుండా, ఆయన చూడని వేళకి మీరు వెళ్ళి చూసి రండి.

తొండి

ఆకివీడు అవతల కొల్లేటి గట్టున ఒక ఊరు. అక్కడినుంచి సుధీర్ అనే కుర్రాడు ఒకరోజు బస్సెక్కి మా ఆఫీసుకి వచ్చాడు. డిగ్రీ అయిపోయింది, తండ్రి కోటయ్య గారితో కలిసి చేపల చెరువులు చూసుకుంటున్నాడు. ఫోన్లో అతని ఫిర్యాదు అప్పటికే రెండుసార్లు వచ్చి, రెండుసార్లూ టెస్టెడ్ ఓకే అయిపోయింది. అరుస్తాడనుకున్నాను. అరవలేదు.

"మేడమ్, లైను బాగుచెయ్యకపోయినా పర్లేదండి. బాలేదని ఒక కాగితం మీద రాసి సంతకం పెట్టి ఇవ్వగలరాండి?"

"కాగితం ఎందుకయ్యా?"

తల వంచుకుని చెప్పాడు. "నన్ను తొండి చేస్తన్నానంటున్నారండి."

సుధీర్ ఒక జట్టులో ఆడతాడు. మిగతావాళ్ళు విశాఖపట్నంలో, మద్రాసులో, పూనాలో ఉంటారు. ఒకరి మొహం ఒకరు చూసింది లేదు. వారంలో కొన్ని సాయంత్రాలు వేరే జట్లతో పోటీలు. ఆ పోటీల్లోనే ఇతని మనిషి కొయ్యబారిపోయేవాడు. ఇలాంటి ఆటల్లో ఒక దొంగ పద్ధతి ఉంది. కొందరు తమ తీగకి ఒక స్విచ్చి పెట్టుకుని, ఎదుటివాడు కాల్చబోయే సమయానికి లైను కట్ చేస్తారు. ఎదుటివాడికి తెర మీద మనిషి దొరకడు. స్విచ్చి వదిలి వీళ్ళు కాల్చేస్తారు. సుధీర్ అదే చేస్తున్నాడని పోటీలు నడిపేవాళ్ళకి అనుమానం వచ్చింది. వచ్చే ఆదివారం సాయంత్రం మ్యాచ్‌లో ప్రత్యేకంగా ఒక మనిషి కూర్చుని ఇతన్నే గమనిస్తాడు. మళ్ళీ అలాగే జరిగితే పేరు కొట్టేస్తారు, దొంగాటగాడని అందరికీ కనిపించేలా పెడతారు.

"ఆట పోతే పోయిందండి. మానేస్తానండి" అన్నాడు. "మా ఊళ్ళో నన్ను దొంగన్నవాడు లేడండి. మా జట్టు కెప్టెను నిన్న అడిగేడండి, నిజం చెప్పరా, స్విచ్చి పెట్టేవా అని. మూడేళ్ళ నుంచీ ఆడుతున్నామండి ఇద్దరం."

నేను డి.ఇ. గారి దగ్గరికి వెళ్ళాను. ఆయన విని కుర్చీలో వెనక్కి వాలారు. "పొద్దున బాగుంటుంది. మధ్యాహ్నం బాగుంటుంది. సాయంత్రం కూడా, వాడు ఆడనిరోజు బాగుంటుంది. వాడు ఆటకి కూర్చుంటేనే చెడుతుంది. అంటే ఏమిటమ్మా అర్థం? వాడే చేస్తున్నాడు."

లెక్క సరిపోయింది. అదే నాకు నచ్చలేదు. మనిషి మొహం చూసి ఉంటే ఆయనకీ నచ్చేది కాదు.

బయటికొచ్చి సుధీర్‌తో చెప్పాను. "చూడనిదానికి నేను సంతకం పెట్టను. శనివారం సాయంత్రం వచ్చి చూస్తాను. లైనులో ఉంటే పట్టుకుంటాను. నువ్వే చేస్తుంటే అదీ పట్టుకుంటాను."

"అలాగేనండి" అన్నాడు. ఆ మాటకి అతని మొహం తేలికపడటం చూశాక నాకు సగం అనుమానం పోయింది.

తాడు

శనివారం మా లైన్‌మన్ అబ్రహాంని తీసుకుని వెళ్ళాను. ఇల్లు చెరువు గట్టు మీదే ఉంది. ఎదురుగా ఉన్నది పిల్ల చేపల్ని పెంచే చెరువు. చెరువు చుట్టూ గట్టు పొడుగునా మా స్తంభాలు, వాటి మీద ఆ ఇంటికి వెళ్ళే తీగ. అబ్రహాం కింద నుంచి చూసి, తెగినట్టు ఎక్కడా లేదన్నాడు.

సుధీర్ వాళ్ళమ్మగారు కొర్రమీను వేపుడు పెట్టి, టీ ఇచ్చారు. నేను కంప్యూటరు ముందు కూర్చుని మోడెమ్‌ని పలకరించాను. సాఫీగా ఉంది. ఎక్స్ఛేంజిని పలకరించాను. అదీ సాఫీగా ఉంది. చాలాసేపు చూశాను, ఒక్క తడబాటు లేదు. సుధీర్ గోడకి ఆనుకుని గోళ్ళు కొరుక్కుంటున్నాడు. జబ్బు రాకపోతే తనే దొంగ అవుతాడని అతనికి తెలుసు.

"ఇలా కాదు" అన్నాను. "మ్యాచ్ రోజు ఏం చేస్తావో అదే చెయ్యి. ఆట పెట్టు. పింగ్ పక్కన నడవనీ, నేను చూస్తాను."

అతను కూర్చుంటూ కిటికీలోంచి కేకేశాడు. "నాన్నా, నేను మొదలెడుతున్నా!"

అరుగు మీద పడుకున్న కోటయ్య గారు లేచి, తుండు దులిపి భుజాన వేసుకుని చెరువు వైపు వెళ్ళారు. నేను అప్పుడు ఆ సంగతి పట్టించుకోలేదు.

కాసేపు ఆట నడిచింది. బయట రేకు డబ్బాలు గలగలమన్నాయి. తెర మీద మనిషి ఆగిపోయాడు. పింగ్ వరసలో జవాబు రాలేదన్న మాట పడింది. మళ్ళీ కదిలింది. "చూసేరాండి! చూసేరా!" అని సుధీర్ గట్టిగా అరిచాడు. జబ్బు వచ్చినందుకు ఒక మనిషి అంత సంతోషపడటం నేనెప్పుడూ చూడలేదు.

ఇంకోసారి వచ్చింది. అప్పుడూ డబ్బాలు మోగాయి. మూడోసారికి నేను తెర చూడటం మాని చెవులు రిక్కించాను. ముందు డబ్బాలు, ఆ వెంటనే ఆట ఆగడం. లేచి బయటికి నడిచాను.

చెరువు మీద నీటికాకులు గుంపుగా దిగుతున్నాయి. అవి వాలితే పిల్ల చేపలు మిగలవు. అందుకని ఆ వైపు రైతులు చెరువు మీద అడ్డంగా తాళ్ళు కట్టి, వాటికి మెరిసే రిబ్బన్లూ ఖాళీ డబ్బాలూ వేలాడదీస్తారు. కాపలా పాకలో కూర్చుని తాడు లాగితే అన్నీ ఒక్కసారి కదిలి మోగుతాయి, పక్షులు లేచిపోతాయి. కోటయ్య గారు పాకలో కూర్చుని అదే పని చేస్తున్నారు. ఆయన చేతిలోని తాడు చెరువు దాటి అవతలి గట్టుకి వెళ్ళింది. దాని రెండో కొస మా టెలిఫోన్ స్తంభానికి కట్టి ఉంది. ఆయన లాగినప్పుడల్లా స్తంభం అటు వంగి ఇటు వస్తోంది, పైన తీగ బిగిసి వదులవుతోంది.

"కోటయ్య గారూ! ఈ తాడు మా స్తంభానికి కట్టారేమిటండీ?"

"గట్టు మీద గట్టిగా ఉన్నదదొక్కటేనండి" అన్నారాయన లేచి నిలబడి. "వెదురు పాతితే గాలికి ఒరిగిపోతందండి. గవర్నమెంటోరి స్తంభం కదా, కదలదని కట్టేనండి."

"కదులుతోందండి. రోజూ మీరే లాగుతారా?"

"లేదండీ. సాయంత్రం కాపలా మావాడిదేనండి. ఆడు కేకలేసి తోలేత్తాడు, టపాకాయ కాలుత్తాడు. తాడు జోలికి రాడండి. ఆడు ఆటకి కూకున్న రోజునే నేనొత్తానండి." ఆయన గొంతు తడుముకున్నారు. ఆ గొంతు ముందునుంచీ బొంగురుగానే ఉంది. "నాకు ఆపరేషనయ్యేక కేకలెయ్యలేనండి. అందుకే ఈ తాడు ఏర్పాటు చేసుకున్నానండి. ఆడు నాలుగు ఘడియలు ఆడుకుంటాడు కదాని."

డి.ఇ. గారి లెక్క పూర్తిగా సరైనదే. సుధీర్ ఆటకి కూర్చుంటేనే లైను చెడేది. కాకపోతే చెడగొట్టేది అతను కాదు, అతన్ని ఆడుకోనివ్వాలని వచ్చి కూర్చున్న తండ్రి.

చూశాం కదా అని వదలకూడదు, రుజువు చేసుకోవాలి. కోటయ్య గారిని తాడు పట్టుకోమన్నాను. నేను చెయ్యెత్తితే లాగాలి. చెయ్యెత్తాను. డబ్బాలు మోగాయి. ఇంట్లోంచి, మమ్మల్ని చూడని సుధీర్ కేక వినిపించింది. "ఆగిందండీ!" కాసేపు ఊరుకున్నాను. లోపల ఏ కేకా లేదు. మళ్ళీ చెయ్యెత్తాను. "ఆగిందండీ!"

మూడోసారి చెయ్యెత్తితే కోటయ్య గారు లాగలేదు. తాడు చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయారు.

"అయితే ఆణ్ణి దొంగని చేసింది నేనాండి?"

ఎన్నో ఇళ్ళలో ఎన్నో తప్పులు పట్టాను. పట్టిన ప్రతిసారీ లోపల కొంచెం గర్వం ఉండేది. ఆ సాయంత్రం మాత్రం ఏ గర్వమూ రాలేదు. దుఃఖమొచ్చింది. ఆయన మొహం చూడలేక స్తంభం పైకి చూస్తూ మాట్లాడాను.

"మీరు కాదండి. పైన అతుకుంది. అబ్రహాం ఎక్కి చూస్తాడు."

ఊరికే ఓదార్పుకి అన్నది కాదు. అబ్రహాం నిచ్చెన వేసుకుని ఎక్కాడు. తీగ కొసలు రెండూ కలిపి మెలిపెట్టి, పైన టేపు చుట్టి వదిలేశారు ఎవరో. కొల్లేటి తేమకి టేపు కుళ్ళిపోయింది, లోపల రాగి పచ్చబడింది. మంచి అతుకైతే స్తంభం ఊగినా తట్టుకునేది. చెడ్డ అతుకైనా స్తంభం ఊగకపోతే మరికొన్నాళ్ళు నెట్టుకొచ్చేది. రెండూ కలవబట్టి ఇంత దూరం వచ్చింది. అబ్రహాం పాత అతుకు కోసి, కొత్తగా బిగించి, తడి చేరకుండా మూశాడు. తాడు విప్పించి, గట్టు మీద పాత తాటి దుంగ ఒకటి లోతుగా పాతించి దానికి కట్టించాం. కోటయ్య గారే గొయ్యి తవ్వారు, ఎవర్నీ పార ముట్టుకోనివ్వలేదు. దుంగ నిలబడ్డాక నేను చెయ్యెత్తి తాడు లాగమన్నాను. ఆయన భయంభయంగా లాగారు. డబ్బాలు మోగాయి. ఇంట్లోంచి ఏ కేకా రాలేదు.

"ఇంక నిశ్చింతగా లాక్కోండి" అని చెప్పి జీపెక్కాను. ఆయన తల ఊపారు గానీ, నమ్మినట్టు కనిపించలేదు.

సోమవారం

సోమవారం పొద్దున ఫిర్యాదు మూసే కాగితంలో కారణం అన్న చోట "నీటికాకులు" అని రాశాను. డి.ఇ. గారు నన్ను పిలిచి అదేమిటన్నారు. జరిగింది చెప్పాను. ఆయన కాగితం నా వైపు తోశారు. "జాయింటు ఫాల్టు అని రాయమ్మా, పైవాళ్ళు నవ్వుతారు" అన్నారు. అలాగే రాశాను. ఆ తర్వాత సాయంత్రం వచ్చే ఫిర్యాదుల్ని సాయంత్రమే చూడమనడం మొదలెట్టారు. నేను గెలిచానని ఆయనెప్పుడూ అనలేదు, నేనూ అడగలేదు.

ఆ సోమవారం నేను ఆయన గదిలోంచి తిరిగొచ్చేసరికి నా బల్ల మీద ఫోన్ మోగుతోంది. బొంగురు గొంతు.

"మేడమ్ గారండీ, కోటయ్యనండి. తవరు మళ్ళీ ఒకసారి రావాలండి. లైను ఇంకా కుదర్లేదండి."

"ఏమైందండి?"

"నిన్న మావాడు ఓడిపోయేడండి."

"తాడు లాగారా?"

"లేదండీ! తవరు లాక్కోమన్నా నేను తాడు ముట్టుకోలేదండి. చెరువులోకి దిగి చేత్తో నీళ్ళు కొట్టి తోలేనండి, ఆట అయ్యేదాకా. ఈ కొస నుంచి ఆ కొసకి తిరుగుతానే ఉన్నానండి. అయినా ఓడిపోయేడండి."

"ఫోన్ సుధీర్‌కి ఇవ్వండి" అన్నాను. గొంతు లోతు నీళ్ళలో ఆ పెద్దమనిషి చేతులు బాదుకుంటూ పక్షుల్ని తోలడం నా కళ్ళకి కట్టింది.

సుధీర్ ఫోన్ తీసుకున్నాడు. మాటలు ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి. "మేడమ్, ఓడిపోయానండి! ఒక్కసారి కూడా ఆగలేదండి, మొదట్నుంచీ చివరిదాకా! ఎదురుగా వచ్చి కాల్చేడండి. నేను తప్పుకోబోయేను, తప్పుకోలేకపోయేను, చచ్చిపోయేనండి. అందరూ చూసేరండి."

"ఆ కనిపెట్టి చూసే మనిషి ఏమన్నాడు?"

"శుభ్రంగా ఓడిపోయావన్నాడండి." అతను నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో నాకు తెలియలేదు. "పేరు ఉంచుతామన్నాడండి. మా కెప్టెను సారీ చెప్పేడండి."

వెనకాల కోటయ్య గారి గొంతు. "ఓడిపోయినోడికి ఆ నవ్వేంట్రా?" ఫోన్ మళ్ళీ ఆయన చేతిలోకి వెళ్ళింది. "ఎప్పుడొస్తారండి మేడమ్ గారండీ? అబ్రహాం గారిని కూడా తీసుకురండి."

"రానక్కర్లేదండి కోటయ్య గారూ. లైను బాగుంది. నిన్న ఓడిపోయింది మీవాడే."

నేను పెట్టేయబోతుంటే ఆయన మెల్లగా అడిగారు.

"అయితే ఆడు ఆడుతుండగా తాడు లాగొచ్చాండి?"

"లాగండి" అన్నాను.